బురదంచు

మా కొట్లో బొమ్మ పేరు జూలీ.
రాజోలు సెంటర్లో బస్సు దిగినవాళ్ళు
ముందు దాన్ని చూస్తారు, తర్వాతే టైము చూసుకుంటారు.
ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర లేదు.
"అది వచ్చిందే అలాగమ్మా,
అందుకే సగం రేటుకిచ్చారు" అంటాడు షావుకారు.

ఏ కాలానికి ఏం కట్టుకోవాలో
దానికి చెప్పేది నేను.
నాకు చెప్పేది గాలి.

కొబ్బరాకు కూడా కదలని ఏప్రిల్ మధ్యాహ్నాల్లో
బండారులంక నేత చీర, గంజి పట్టీ పట్టనట్టు,
జాకెట్టు వీపున గాలాడేంత కిటికీ.
"అంత కిటికీ ఎందుకే, తలుపే పెట్టించకపోయావా!"
అంటూ బజారుకి పోయింది పళ్ళాలమ్మ గారు.
మర్నాడు తనే వచ్చి కొలతలిచ్చింది.
"చిన్నది చాలు,
మా ఆయన కంటికి ఆనని సైజులో."

ముసురు పడితే జార్జెట్టు.
ఇది నా సిద్ధాంతం, దీని మీద వాదన లేదు.
దండెం మీద మూడ్రోజులు ఏడ్చే నూలు చీరని
ఎవరు ఓదారుస్తారండీ?
రంగు ముదురుగా ఉండాలి, వంకాయో జీడిపిక్కో,
బురద చింది పడినా
"డిజైనండీ" అని బుకాయించగలిగే పువ్వులుండాలి.

చలి మాకు రెండు వారాల చుట్టం.
ఆ రెండు వారాల కోసం కాలేజీ పిల్లలు
ఏడాదంతా స్వెట్టరు దాచుకుని,
తొమ్మిదింటికల్లా విప్పి నడుముకి కట్టుకుంటారు.
నేను మాత్రం నరసాపురం లేసు తెప్పించి
ఇస్సాకు మాస్టారి చేత పొడుగు చేతులు కుట్టించాను,
లేసు వేళ్ళ మీదికి జారేలా.
జూలీకి లేని చెయ్యి దాచడానికి.
పది రోజుల్లో మలికిపురం అమ్మాయిలంతా
ఉన్న చేతులు దాచుకున్నారు.

ఇక ఆ ఆగస్టు.
ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక అనగానే
బేళ్ళు అటకెక్కించాం,
మాస్టారి మిషనెక్కించాం,
బిల్లు పుస్తకం, లక్ష్మీదేవి పటం, మరచెంబుతో సహా.
జూలీని మర్చిపోయాం.

నాలుగో రోజు షట్టరెత్తితే
తెల్ల చీరలో అక్కడే నిలబడి ఉంది,
మోకాళ్ళ దాకా ఎర్ర గోదారి తాగి.
నీళ్ళు దిగినకొద్దీ ఒక్కో గీతా మిగిల్చిపోయాయి,
అడుగున ఇటుక, దాని మీద బెల్లం,
ఆపైన పలచటి టీ,
ఎక్కడ మొదలైందో తెలియకుండా మళ్ళీ తెలుపు.
ఏ అద్దకంవాడికీ అంత ఓపిక ఉండదు.

నేను చీపురుతో బురద తోస్తున్నాను.
క్లోరిన్ బిళ్ళలు పంచుతూ వచ్చిన నర్సు సువార్త
గుమ్మంలో ఆగిపోయింది.
"ఈ షేడు కొత్తగా వచ్చిందా? ఎంతండీ?"
నవ్వాలో ఏడవాలో తెలీక
"స్టాకు లేదండి" అన్నాడు షావుకారు.
మూడ్రోజులుగా లంకల్లో తిరుగుతోంది ఆవిడ,
కుచ్చిళ్ళు బొడ్లో దోపి, మొగాళ్ళ గంబూట్లేసుకుని.
ఆవిడ చీరకీ సరిగ్గా అదే అంచు.
తను చూసుకోలేదు.

దసరాకి పుల్లేటికుర్రు నాగలింగం
ఆ రంగుల్లోనే ఆరు చీరలు నేసిచ్చాడు.
వరద షేడు అంటే ఎవరూ ముట్టుకోలేదు.
గోదారి షేడు అన్నాం,
వారం తిరక్కుండా ఆరూ పోయాయి.
లంక నుంచి వచ్చినావిడ మాత్రం
అంచు తడిమి, రేటు చూసి, పకపకా నవ్వింది.
"దీనికి మూడువేలా!
మాకు ఏటేటా ఊరికే వేసిపోద్దండి."

ఆ మొదటి చీర నా దగ్గరే ఉంది.
ఉతకలేదు.

ఇవాళ పొద్దున్నుంచీ మబ్బు.
ఎందుకైనా మంచిదని
జూలీకి కుచ్చిళ్ళు జానెడు పైకి పెట్టాను.
సాయంత్రానికి ఇద్దరు ఆగి అడిగారు,
ఇప్పుడిదా ఫ్యాషను, అని.
ఆయ్,
ఇదేనండి.